అరగంటలో ఊరే ఊరగాయ: కీరదోసకాయ తరపున ఒక వాదన



ఈ వ్యాసంలో ఒక వంటకం చెబుతాను. దీనికి పొయ్యి వెలిగించనవసరం లేదు. చేయడానికి పావుగంట, ఊరడానికి అరగంట పడుతుంది. రెండు కీరదోసకాయలు, ఒక నిమ్మకాయ, కొద్దిగా ఉప్పు ఉంటే చాలు. ఇంత చిన్న విషయానికి ఒక వైద్యుడు వ్యాసం వ్రాయాలా అని మీరు అడగవచ్చు. వ్రాయాలనే నా అభిప్రాయం. "ఉప్పు తగ్గించండి" అన్న సలహా రక్తపోటు గల ప్రతి తెలుగువాడికీ ఏనాటినుంచో అందుతూనే ఉన్నది. ఆ సలహాను కంచంలో ఏ మూలనుంచి మొదలుపెట్టి అమలు జరపాలో చెప్పేవారే అరుదు. ఏమి తినకూడదో చెప్పి, దాని స్థానంలో ఏమి తినాలో చెప్పకుండా రోగిని పంపివేసే వైద్యం సగం వైద్యమే.

నా వాదన ఇది. మన కంచం అంచున నిత్యం కూర్చుండే నిలవ పచ్చడి, వారానికి ఒకటి రెండు రోజులకు పరిమితం కావాలి. తక్కిన రోజులలో ఆ స్థానం అప్పటికప్పుడు నిమ్మరసంలో ఊరవేసిన పచ్చికాయది కావాలి. పప్పన్నంలో నంజుకొనేటప్పుడు నాలుక కోరేది పులుపు, కారం, కాస్త కరకర. ఆ మూడింటితో పాటు అడగని ఉప్పును కూడా మనం దానికి దోసిళ్ళతో పోస్తున్నాము.

ముందు లెక్క చూద్దాం

పెద్దవారు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మాట కూడా అదే. ఐదు గ్రాములంటే సుమారు ఒక చెంచాడు, అదీ గోపురం లేకుండా. వంటలో వేసినది, పచ్చడిలో ఉన్నది, అప్పడంలో ఉన్నది, బిస్కట్టులో కనబడకుండా దాగినది, అన్నీ కలిపి ఆ చెంచాడులోనే ఇమడాలి. దేశవ్యాప్తంగా జరిపిన సర్వేలో భారతీయులు సగటున సుమారు 8 గ్రాములు తింటున్నట్లు తేలింది.

ఇక పచ్చడి సంగతి. నిలవ ఉండవలసిన పచ్చడికి ఉప్పు దండిగా పడాలి. లేకపోతే బూజు పడుతుంది. ఎంత పడుతుందన్నది ఇంటింటికీ మారుతుంది కనుక, నూటికి పది పాళ్ళు అని తక్కువ లెక్కే వేసుకుందాం. ముక్క, గుజ్జు కలిపి ఒకసారి వడ్డించుకొనేది 20 గ్రాములనుకోండి. అందులో ఉప్పు 2 గ్రాములు. మధ్యాహ్నం పప్పులోకి ఒకసారి, రాత్రి మజ్జిగలోకి ఒకసారి అంటే 4 గ్రాములు. రోజుకు మీకున్న వాటాలో ఐదింట నాలుగు వంతులు కంచం అంచుననే ఖర్చయిపోయాయి. పప్పుకు, కూరకు, పులుసుకు, పెరుగుకు, ఉదయం తిన్న ఉప్మాకు కలిపి మిగిలినది ఒక్క గ్రాము. ఆ గ్రాముతో సరిపెట్టుకొనే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా?

"మా ఇంట్లో ఉప్పు తక్కువే తింటామండీ" అనని రోగిని నేను ఇంతవరకు చూడలేదు. వారు అబద్ధమాడడం లేదు. కూరలో ఉప్పును వారు లెక్కిస్తారు, పచ్చడిలో ఉప్పును లెక్కించరు. మీరు మీ ఇంటిని పరీక్షించుకొనే సులువైన మార్గం ఒకటున్నది. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు 600 గ్రాముల ఉప్పు పరిమితి. మీ ఇంటికి నెలకు ఎన్ని పొట్లాలు వస్తున్నాయో చూడండి. వేసవిలో ఆవకాయకోసం విడిగా తెచ్చిన కల్లుప్పును కూడా అందులో కలపండి. కొని తెచ్చిన తినుబండారాల ఉప్పు ఈ లెక్కకు బయటే ఉన్నదని మరచిపోకండి.

ఇది వట్టి అంకెల ముచ్చట కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పదిహేనేళ్ళు దాటినవారిలో రక్తపోటు అధికంగా ఉన్నవారు, లేదా దానికి మందు వాడుతున్నవారు తెలంగాణలో పురుషులలో నూటికి సుమారు 31 మంది, స్త్రీలలో 26 మంది. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులలో సుమారు 29 మంది, స్త్రీలలో 25 మంది. రెండు చోట్లా దేశపు సగటు కంటే ఎక్కువే. దీనికంతకూ పచ్చడే కారణమని నేననను. వంశపారంపర్యం, స్థూలకాయం, మద్యం, వ్యాయామలోపం, వయస్సు అన్నీ ఉన్నాయి. అయితే తల్లిదండ్రులను మార్చుకోలేము, వయస్సును వెనక్కు త్రిప్పలేము. కంచం అంచున ఉన్నదానిని మాత్రం ఈ పూటే మార్చుకోగలము.

ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో వేసవి చివర నాకు పదే పదే కనబడిన దృశ్యం ఒకటి చెబుతాను. గుండె బలహీనపడి, చికిత్సతో తేరుకొని ఇంటికి వెళ్ళిన వృద్ధులు కొందరు మళ్ళీ కాళ్ళవాపుతో, పడుకుంటే ఊపిరాడని ఆయాసంతో తిరిగివచ్చేవారు. మందులు మానలేదనేవారు. అది నిజమే. విచారిస్తే ఇంట్లో కొత్త ఆవకాయ కలిపి వారం పది రోజులయిందని తెలిసేది. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. శరీరంలో నీరు పెరిగితే రక్తపు పరిమాణం పెరుగుతుంది. ఆ భారాన్ని బలహీనమైన గుండె మోయలేదు. కొత్త ఆవకాయ రుచిని నేను కాదనను. ఆ రుచికి ఒక ముసలి గుండె చెల్లించే మూల్యం ఎంతో చెబుతున్నాను.

ఊరగాయ అన్న మాటలో ఉప్పు లేదు

ఊరిన కాయ ఊరగాయ. అంతే. మాటలో నూనె లేదు, ఉప్పు లేదు, ఏడాది నిలవ ఉండాలన్న షరతు లేదు. ఏడాది నిలవ అన్నది ఆనాటి అవసరం. మామిడికాయ రెండు నెలలే దొరికేది, తక్కిన పది నెలలు కూర దొరకని పూటలుండేవి, చల్లని పెట్టె ఏ ఇంట్లోనూ లేదు. ఉప్పు సూక్ష్మజీవులను పెరగనివ్వదు కనుక దానిని కాపలాకు పెట్టుకున్నారు. మన పూర్వులు బుద్ధిమంతులు. వారి కాలానికి ఆ కాపలా అవసరమైనది. నేడు ఏడాది పొడుగునా కూరగాయలు దొరుకుతూ, వంటింట్లో రిఫ్రిజిరేటరు ఉన్న ఇంటికి కూడా ఆ కాపలా అంతే అవసరమా?

ఇక్కడ ఉప్పు చేసే పని తెలుసుకోవడం మంచిది. కోసిన దోసకాయ ముక్కపై ఉప్పు చల్లితే, కణాలలోని నీరు వెలుపలి ఉప్పదనం వైపు ప్రయాణిస్తుంది. ముక్క కొంత మెత్తబడి, వంగుతుంది. నీరు ఖాళీ అయిన ముక్క ఆ తరువాత పోసిన నిమ్మరసాన్ని, కారాన్ని పట్టుకుంటుంది. కీరదోసకాయలో నూటికి 95 పాళ్ళు నీరే గనుక ఈ పని పదిహేను నిమిషాలలో జరుగుతుంది. దీనికి పావు చెంచా ఉప్పు చాలు. నిలవ ఉంచే ఉద్దేశం లేనప్పుడు ఉప్పుతో మనకున్న పని అంతవరకే. పైగా పులుపు తోడైనప్పుడు కొద్దిపాటి ఉప్పు కూడా నాలుకకు స్పష్టంగా తెలుస్తుంది. పులుపు ఉన్న చోట ఉప్పును తగ్గించడం అందుకే సులువు.

జపాను నేర్చుకున్న పాఠం

ఈ విషయంలో మనకంటే ముందు దెబ్బతిని, ముందు మేలుకున్న దేశం జపాను. ఉత్తర జపానులోని అకితా ప్రాంతంలో చలికాలం దీర్ఘం. మంచులో కూరలు పండవు కనుక కూరగాయలను దండిగా ఉప్పువేసి నిలవచేసుకొనేవారు. 1950ల నాటికి అక్కడివారు రోజుకు 20 గ్రాములకు మించి ఉప్పు తింటున్నట్లు పరిశోధకులు గమనించారు. పక్షవాత మరణాలకు ఆ ప్రాంతం పేరుమోసినది. తరువాతి దశాబ్దాలలో ఊరూరా రక్తపోటు పరీక్షలు జరిపి, మందులిచ్చి, ఉప్పు తగ్గించుకొమ్మని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. పక్షవాత మరణాలు గణనీయంగా తగ్గాయి.

అదే జపానువారి వంటలో 'సునోమోనో' అన్న మరొక పదార్థమున్నది. పలుచగా తరిగిన దోసకాయకు కొద్దిగా ఉప్పు రాసి, నీరు పిండి, వెనిగరులో కాసేపు ఊరవేసి చిన్న గిన్నెలో వడ్డిస్తారు. ఏడాది నిలవచేసే ఉప్పు ఊరగాయ, అరగంటలో ఊరే పులుపు దోసకాయ ఒకే వంటింటిలో పుట్టాయి. జర్మనులకూ, కొరియావారికీ ఇటువంటివే తమ తమ పద్ధతులలో ఉన్నాయి. ఇందులో పరాయిది అనవలసినది ఏమీ లేదు. మన వెనిగరు మన నిమ్మకాయ. గూడూరు నుంచో, నకిరేకల్ నుంచో లారీలకెత్తి దేశమంతటికీ పంపే పంట మన ఇంటి గుమ్మంలోనే ఉన్నది.

కూరగాయలు, పండ్లు, తక్కువ కొవ్వుగల పాలపదార్థాలు సమృద్ధిగా ఉన్న ఆహారంతో పాటు ఉప్పును కూడా తగ్గిస్తే రక్తపోటు మరింతగా దిగివస్తుందని 2001లో అమెరికాలో వెలువడిన 'డ్యాష్-సోడియం' పరిశోధన నిరూపించింది. కంచం అంచున పచ్చడిని తీసి పచ్చికాయను పెట్టడమంటే ఒకే చేతితో ఆ రెండు పనుల వైపూ అడుగువేయడం. ఉప్పు దిగుతుంది, కూరగాయ పెరుగుతుంది.

చేసే విధానం

నలుగురికి సరిపడే కొలత చెబుతాను.

1. లేత కీరదోసకాయలు రెండు తీసుకోండి. రెండూ కలిసి సుమారు 300 గ్రాములుండాలి. పప్పులో వేసే పసుపుపచ్చ దోసకాయ వేరు. ఇక్కడ కావలసినది పచ్చిగా తినే ఆకుపచ్చని పొడుగుకాయ. చేతులు సబ్బుతో కడుక్కొని, కాయలను పారే నీటి క్రింద చేత్తో రుద్ది కడగండి. చెక్కు తీయాలనుకున్నా ముందు కడగాలి. లేకపోతే చెక్కుపై ఉన్న మురికిని కత్తి లోపలికి మోసుకుపోతుంది.

2. తొడిమ వైపు ముక్క కోసి రుచి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయను పారవేయండి. దీని కారణం క్రింద చెబుతాను.

3. రూపాయి బిళ్ళ మందాన చక్రాలుగా తరగండి. పళ్ళు లేని పెద్దవారికి తురిమి పెట్టండి. వారికి ముక్కలు పెట్టి "తినడం లేదు" అని విసుక్కోవడం న్యాయం కాదు.

4. చిల్లుల గిన్నెలో వేసి, పావు చెంచా మామూలు అయోడిన్ ఉప్పు చల్లి, కలిపి, పదిహేను నిమిషాలు వదలండి. క్రిందికి దిగిన నీటిని పారబోయండి. దానితో కొంత ఉప్పు కూడా పోతుంది. "అయ్యో, పోషకాలు" అని ఆ నీటిని మజ్జిగలో కలుపుకుంటే తీసిన ఉప్పును తిరిగి త్రాగినట్లే.

5. స్టీలు, గాజు లేదా పింగాణీ గిన్నెలోకి ముక్కలను మార్చండి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలలో పులుపు ఊరవేయరాదు. ఒక పెద్ద నిమ్మకాయ రసం పిండండి. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ, కొత్తిమీర, వేయించి దంచిన జీలకర్ర, మిరియాల పొడి వేసి కలపండి. ఇకపై ఉప్పు వేయవద్దు.

6. మూతపెట్టి అరగంట రిఫ్రిజిరేటరులో ఉంచండి. వడ్డించే ముందు రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి గాని, వేరుశనగపప్పు పొడి గాని చల్లండి. ఆవాలు, ఇంగువ తిరగమోత లేనిదే తృప్తి కలుగని ఇళ్ళలో ఒక చెంచా నూనెతో పెట్టుకోవచ్చు.

చల్లిన ఉప్పంతా అందులోనే మిగిలిందనుకున్నా మనిషికి అర గ్రాము రాదు. పచ్చడితో పోల్చండి: ఐదో వంతు కూడా లేదు. రక్తపోటు బాగా ఎక్కువగా ఉన్నవారు నాలుగో మెట్టును పూర్తిగా వదలివేసి, నిమ్మరసంలోనే గంటసేపు ఊరవేసుకోవచ్చు. మొదటి వారం చప్పగా ఉంటుంది. నాలుక అలవాటు మార్చుకోవడానికి కొన్ని వారాలు, ఒక్కొక్కరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ తరువాత పాత పచ్చడే ఉప్పగా ఉన్నదని మీరే అంటారు.

దోసకాయను దోసకాయగా ఉండనివ్వండి

ఇంత చెప్పిన తరువాత దోసకాయ అభిమానులతో కూడా కొంత జగడం పెట్టుకోక తప్పదు. సెల్‌ఫోనులలో తిరిగే సందేశాల ప్రకారం ఈ కాయ రక్తాన్ని శుద్ధిచేస్తుంది, విషాలను కడిగివేస్తుంది, మధుమేహాన్ని మాన్పుతుంది, కొవ్వును కరిగిస్తుంది. రాత్రంతా ముక్కలు నానవేసిన నీటికి 'డీటాక్స్' అని పేరుపెట్టి సీసాలలో అమ్ముతున్నారు. రక్తాన్ని శుద్ధిచేసే పని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్ళు జీతం లేకుండా చేస్తూనే ఉన్నాయి. వాటికి చేయగలిగిన ఉపకారం ఒక్కటే: ఉప్పు, మద్యం, అనవసరపు నొప్పిమాత్రలు వాటి నెత్తిన రుద్దకుండా ఉండడం.

నూరు గ్రాముల దోసకాయలో ఉన్నది సుమారు 15 కేలరీల శక్తి, అర గ్రాము పీచు, కొద్దిగా పొటాషియం, తక్కినదంతా నీరు. ఇది గొప్ప పోషకాల గని కాదు. తోటకూరకు, మునగాకుకు ఇది సాటిరాదు. మధుమేహులకు దోసకాయ వల్ల చక్కెర తగ్గదు. గిన్నెడు దోసకాయ తిన్నందువల్ల ఒక గరిటె అన్నం తక్కువ పెట్టుకుంటే, ఆ అన్నం తగ్గినందువల్ల చక్కెర తగ్గుతుంది. ఈ తేడా గ్రహించనివారు అన్నం అంతే తిని, పైన దోసకాయ తిని, మందు మానివేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ వ్యాసం చదివి రక్తపోటు మాత్ర కూడా ఒక్కటి మానకండి. మాత్రల మోతాదు మార్చవలసినది మీ వైద్యుడు, మీ దోసకాయ కాదు.

సైంధవ లవణం, హిమాలయాల గులాబీ ఉప్పు హాని చేయవన్న నమ్మకం కూడా బలంగా పాతుకున్నది. అవి కూడా బహుభాగం సోడియం క్లోరైడే. రంగు మారినంత మాత్రాన గుణం మారదు. పైగా వాటిలో చాలావాటికి అయోడిన్ కలపరు. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదానిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. అది కొందరికి మేలే. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా దానిని ముట్టరాదు. రక్తంలో పొటాషియం హెచ్చితే గుండె లయ తప్పుతుంది.

చేదు గురించి, శుభ్రత గురించి

దోస, సొర, బీర వంటి తీగజాతి కాయలలో 'కుకుర్బిటాసిన్లు' అనే చేదు పదార్థాలు ఒక్కొక్కసారి పెరుగుతాయి. ఎక్కువ మోతాదులో అవి వాంతులు, రక్తవిరేచనాలు కలిగించి రక్తపోటును ప్రమాదకరంగా పడగొడతాయి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం త్రాగి మరణించారు. తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం చేదుగా ఉన్న రసాన్ని త్రాగవద్దని హెచ్చరించింది. "చేదు మంచిదే, మందు వంటిది" అని కళ్ళు మూసుకొని మింగడం అవివేకం. కాకరకాయ చేదు వేరు, దోసకాయ చేదు వేరు. కొన కోసి రుద్ది నురుగు తీసినా సరే, ముక్క నాలుకకు చేదుగా తగిలితే కాయ మొత్తం చెత్తబుట్టకే.

నిమ్మరసంలో ఊరింది కనుక క్రిములు చచ్చాయని కూడా అనుకోకండి. అరగంట పులుపుకు టైఫాయిడ్, అమీబా, పురుగుల గ్రుడ్లు అన్నీ నశించవు. శుభ్రత కడుగుడులోనే ఉన్నది. 2015లో అమెరికాలో కలుషితమైన దోసకాయల వల్ల 900 మందికి పైగా సాల్మొనెల్లా జబ్బు పాలయ్యారు. అంత కట్టుదిట్టాలున్న చోట అలా జరిగినప్పుడు, ఎండలో బండిమీద చెక్కు తీసి, అదే బకెట్టు నీటిలో ముంచి, ఉప్పుకారం అద్ది ఇచ్చే ముక్కను మనమెంత నమ్మవచ్చు? బండి నడిపే నిరుపేదను నిందించను. శుభ్రమైన నీటి కొళాయి ఏర్పాటు చేయవలసినవారిని నిందిస్తాను. మీరు మాత్రం కాయను కాయగా కొని ఇంట్లో కోసుకోండి. చేసినదానిని రెండు గంటలకు మించి బయట ఉంచకండి. రిఫ్రిజిరేటరులో ఉన్నదైనా మరునాటికి ముగించండి.

పుల్లని త్రేన్పులు, కడుపులో పుండు ఉన్నవారు నిమ్మరసం తగ్గించి పెరుగు కలుపుకోవచ్చు. డయాలిసిస్‌లో ఉన్నవారు కూరగాయలు, నీరు ఎంత తీసుకోవాలో తమ వైద్యుడు చెప్పినట్లే నడచుకోవాలి.

ఆక్షేపణలు, సమాధానాలు

"ఇది మన తిండి కాదు, దొరల తిండి" అంటారు. కీరదోస పుట్టినిల్లు భారతదేశమే. దాని అడవి జాతి హిమాలయాల పాదప్రాంతంలో నేటికీ పెరుగుతున్నది. శ్రీరామనవమినాడు పానకంతో పాటు పంచే వడపప్పు గుర్తు తెచ్చుకోండి. నానిన పెసరపప్పులో అనేక ఇళ్ళలో దోసముక్కలు, మామిడికోరు, కొబ్బరి కలుపుతారు. దేవుని ప్రసాదంగా ఏడాదికొకసారి కళ్ళకద్దుకొని తిన్నది, మరునాడు పరాయి తిండి ఎలా అవుతుంది?

"పచ్చడి లేకపోతే తెలుగుతనం ఏముంది?" అంటారు. పచ్చడిని వెలివేయమని నేను అనలేదు. ఆదివారం ముద్దపప్పులో ఆవకాయ కలుపుకోండి, తృప్తిగా తినండి. ఏడు రోజులు, రెండు పూటలా తినేదానిలో పండుగ ఏమున్నది? అపురూపంగా తిన్ననాడే దాని రుచి నిలుస్తుంది.

"కూర కొనలేనివారు పచ్చడి మెతుకులు తింటారు, వారికేమి చెబుతారు?" అని అడిగేవారున్నారు. ఇది గౌరవించవలసిన ప్రశ్న. కూలికి వెళ్ళే తల్లి కొంగున కట్టుకొని పోయే సద్దిలో తొక్కు తప్ప మరొకటి లేకపోవడం ఆమె తప్పు కాదు. ఆమెకు ఉపన్యాసమిచ్చే అర్హత నాకు లేదు. చౌకగా బియ్యమిచ్చిన ప్రభుత్వాలు కూరగాయలు కూడా అందుబాటులోకి తేవాలన్నది నా డిమాండు. బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో, హాస్టళ్ళలో, అంగన్‌వాడీలలో పచ్చి కూరగాయల పదార్థం ఒకటి ఉండాలి. కాని ఈ వ్యాసం చదువుతున్న మీలో ఎక్కువమందికి దోసకాయ కొనే స్తోమత ఉన్నది. పేదవారి ప్రశ్న వెనుక దాక్కొని మన జాడీని కాపాడుకోవద్దు.

చివరి ఆక్షేపణ పైకి ఎవరూ అనరు: "రోజూ ఇది ఎవరు చేస్తారు?" రక్తపోటు భర్తదైతే, ఉప్పు లేని వంట భార్యది, అది రుచిగా లేదన్న మాట మళ్ళీ భర్తది. ఈ వరుస నేను ఎన్నో ఇళ్ళలో చూచాను. ఆమెకు రెండు వంటలు పని పెరుగుతుంది, పైన మాటపడటం అదనం. ఉద్యోగ విరమణ చేసి పత్రిక చదువుతూ కూర్చున్న నా వయస్సు పురుషులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఈ పనికి పొయ్యి వద్దు, నైపుణ్యం వద్దు. కత్తి, పీట, పావుగంట చాలు. రక్తపోటు ఎవరిదో, దోసకాయ కోయవలసిన చేయి వారిదే. మీరు కోస్తే మీకే తెలుస్తుంది, పావు చెంచా ఉప్పు ఎంతో, మీరు ఇంతవరకు తిన్నది ఎంతో.

ఈ రోజు బజారుకు వెళ్ళినప్పుడు రెండు కాయలు, రెండు నిమ్మకాయలు తెచ్చుకోండి. జాడీని బల్లమీదనుంచి తీసి, లేచి వెళ్ళి తెచ్చుకోవలసినంత దూరాన అలమరలో పెట్టండి. మూడు నెలలు ఇలా గడపండి. మందులు యథాప్రకారం వేసుకుంటూ, వారానికొకసారి రక్తపోటు చూపించుకొని ఒక పుస్తకంలో వ్రాయండి. ఆ పుస్తకం పట్టుకొని మీ వైద్యుని వద్దకు వెళ్ళండి. తరువాత ఏమి చేయాలన్నది ఆ అంకెలను చూచి ఆయన చెబుతారు.